బిగించని నట్లు

పుంగనూరులో గంగప్ప షెడ్డుకు కారు తీసుకుపోయేవాళ్ళు ఎవరైనా సరే, ముందు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాల్సిందే. పెట్టకపోతే బానెట్ కూడా ఎత్తడు. "ఏం స్వామీ, మా కారు మేమే ఎత్తుకొని పారిపోతామా?" అని కొత్తవాళ్ళు ఎగతాళి చేస్తారు. గంగప్ప నవ్వడు. తొంభై ఎనిమిదిలో ఒక బుధవారం జరిగినదాన్ని తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

ఆ రోజు షెడ్డులో ఉన్నది కుప్పం ధనుంజయ అంబాసిడర్. వాళ్ళ నాన్న కాలం నాటి బండి. నెలలు నిండి పుట్టింట్లో ఉన్న భార్య అమరావతిని మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాలని దాన్ని వేసుకొని ముందురోజే అత్తగారింటికి వచ్చాడు. దారి పొడుగునా ముందు చక్రాల దగ్గర ఒకటే గడగడ. అత్తగారు పాపక్క ఇల్లు గంగప్ప షెడ్డుకు ఎదురుగానే ఉండడంతో, పొద్దున్నే బండిని తెచ్చి ఆయనకు అప్పగించాడు.

విప్పి చూసి గంగప్ప నోరు వెళ్ళబెట్టాడు. చక్రాన్ని పట్టుకొని ఉండే ఇనుప చేతుల్లో రబ్బరు బుష్షులు పిండి పిండిగా రాలిపోయాయి. పిన్నులు సగానికి అరిగిపోయాయి.

"దీంట్లోనా అప్పా నువ్వు కుప్పం నుంచి వచ్చింది? మీ నాయన పుణ్యం శానా గట్టిదిలే!" అన్నాడు.

మదనపల్లెలో లారీల షెడ్డులో తిట్లు తిని పని నేర్చిన మనిషి. పని దగ్గర వంక పెట్టలేం. రెండు పక్కలా కొత్తవి వేశాడు. అయితే బండి జాకీ మీద ఉండగా ఆ నట్లను ఆయన బిగించడు. చేత్తో తిప్పి వదిలేస్తాడు. చక్రాలు నేలకు ఆని, బండి బరువు పడ్డాకే పెద్ద స్పానర్‌తో బిగిస్తాడు. గాల్లో బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. మంచి పద్ధతే, ఎవరు కాదన్నారు? కానీ అది ఆయన మనసులో ఉంటే సరిపోతుందా? నోరు తెరిచి పక్కవాడికి చెప్పొద్దూ!

చెప్పలేదు. జాకీ దించి, స్పానర్ కోసం షెడ్డు లోపలికి పోయాడు.

బయట పాపక్క కాచుకొని ఉంది. పన్నెండుకు రాహుకాలం. నాలుగు చక్రాలూ నేల మీద ఉండడం చూసి పని అయిపోయిందనుకుంది. ఇంక ఆవిడను ఆపేదెవరు? కూతుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టింది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కర్పూరం తిప్పింది. తాను అన్నం వండుకొని వెనకనే బస్సులో వస్తానంది.

"పో నాయనా, పో! పన్నెండు కొట్టేలోగా ఊరు దాటల్ల!"

తాళంచెవి ధనుంజయ జేబులోనే ఉంది. నిమ్మకాయలు తొక్కించి బండిని వీధిలోకి మళ్ళించాడు.

ఇంజను చప్పుడుకు గంగప్ప వెనక్కి తిరిగాడు. స్పానర్ చేతిలోనే ఉంది, బండి మాత్రం లేదు. ఒక్క ఉరుకులో బయటపడి "ఏయ్ ధనుంజయా!" అని కేకేశాడో లేదో, పాపక్క అరచెయ్యి వచ్చి ఆయన నోరు మూసేసింది.

"నీ నోరు పడిపోను! నిండు సూలాలు బయలెల్లి పోతాంటే ఎనక నుంచి పిలస్తావా? బుద్ధుండాదా నీకు?"

పోయేవాళ్ళను వెనక నుంచి పిలవకూడదని గంగప్పకు మాత్రం తెలియదా? తెలుసు కాబట్టే ఒక్క క్షణం నాలుక లేవలేదు. ఆ క్షణంలోనే బండి వీధి చివరకు చేరుకుంటోంది. మలుపు తిరిగితే మదనపల్లె రోడ్డు. ఆ రోడ్డెక్కితే ధనుంజయ స్పీడు తగ్గించే రకం కాదు. గంగప్ప ఆవిడ చేతిని విదిలించేశాడు.

"అక్కా, నట్లు బిగించలా! సక్రం ఊడిపోతాది!"

పాపక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ తర్వాత ఆవిడ చేసిన పనికి వీధి వీధంతా బిత్తరపోయింది. ఎవరైనా తుమ్మితే గడప దిగని మనిషి, పిల్లి ఎదురైతే ఇంట్లోకి తిరిగొచ్చి నీళ్ళు తాగి పోయే మనిషి, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా నడివీధిలో పరుగెత్తుతూ, "అమరావతీ! అల్లుడా! ఆపప్పా! ఆపు!" అని గొంతు చించుకుంది. కన్నకూతుర్ని, అదీ నిండు చూలాలిని, వెనక నుంచి పిలిచింది!

మలుపు దగ్గర ధనుంజయ బ్రేకు తొక్కాడు. తొక్కీ తొక్కగానే ముందు చక్రం ఒకటి పక్కకు వాలిపోయి, కారు మూతి నేలకు కరుచుకుంది. మలుపు కాబట్టి బండి మెల్లగా ఉండి బతికిపోయారు. అదే మదనపల్లె రోడ్డు మీద, ఎదురుగా టమోటా లారీ వస్తుండగా అయ్యుంటే? వద్దు తల్లీ, అనుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

అమరావతి పొట్ట పట్టుకొని మెల్లగా దిగింది. దెబ్బేమీ తగల్లేదు. పాపక్క కూతుర్ని తడిమి తడిమి చూసుకుంటోంది. ఒరిగిన చక్రాన్ని చూస్తూ గంగప్ప రోడ్డు మీదే కూలబడ్డాడు. పాపక్క ఆయన నోటిని ఇంకాసేపు మూసి ఉంచి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

ధనుంజయ డోరు పట్టుకొని నిలబడ్డాడు.

"గంగప్ప కేక ముందే ఇనపడిందత్తా. ఈయప్పేంది, పోయేటప్పుడు ఎనక నుంచి పిలస్తాండాడే అని ఆపలా, ఇంకా తొందరగా పోనిచ్చినా." అత్త ముఖంలోకి చూశాడు. "అంతలో నీ గొంతు ఇనపడింది. నువ్వే ఎనక నుంచి పిలిసినావంటే, ఇంక పానాలే పోతాండాయనుకొని తొక్కినానత్తా బ్రేకు."