పై సగం అద్దం

ఆ వీధిలో అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవారు. షాపుల అద్దాలు తుడవడం ఆమె పని. ఆమె ఒక్కతెదే కాదులెండి, మొగుడూ పెళ్ళాల ఉమ్మడి వ్యాపారం. ఆయన నిచ్చెనంత మనిషి. ఈమె ఆయన మోచేతి దాకా వస్తే గొప్ప. అందుకని ప్రతి అద్దంలోనూ పై సగం ఆయనది, కింది సగం ఈమెది. ఆయన ముందు తుడిస్తే మురికినీళ్ళు కిందికి కారేవి.

"నా అద్దం మీద పొయ్యకయ్యా, నీకు పుణ్యముంటుంది."

"నీళ్ళు పైకి పారడం నేర్చుకున్నాక చెప్తాలేవే."

రోజూ ఇదే పోట్లాట. అది వినకపోతే వీధివాళ్ళకు తెల్లారినట్టుండేది కాదు. ఏం రోజులవి!

ఆయన పోయాక అద్దాలమ్మ బక్కెట్టు బోర్లించేసి ఆడపడుచు ఇంటికి చేరింది. ఆడపడుచు మంచిదే, ఇన్నేళ్ళలో పల్లెత్తు మాట అనలేదు. కానీ ఊరికే కూర్చుని తింటే ముద్ద గొంతు దిగాలి కదా. పారేసుకున్న చోటే వెతుక్కోవాలనుకుని, ఒకరోజు కళ్ళజోళ్ళ షాపాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఊఁ అంటే వీధంతా ఊఁ అన్నట్టే.

"రేపొకసారి చేసి చూపించమ్మా," అన్నాడాయన. "బాగుంటే పని నీదే. లేదంటే వేరేవాళ్ళు అడుగుతున్నారు మరి."

మర్నాడు అద్దాలమ్మ ప్రాణం పెట్టి తుడిచింది. గుడ్డ పిండి ఆరేసి, బక్కెట్టు కడిగి ఆయన్ని పిలిచింది. ఆయన బయటికొచ్చి చూశాడు.

"ఏమ్మా, సగమే చేశావే?"

అద్దాలమ్మ తలెత్తింది. పైన దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది. కింద అద్దం తళతళలాడుతోంది. నిజం చెప్పాలంటే ఆమె మరిచిపోలేదు. పై సగం కూడా తన పనేనన్న ఆలోచనే రాలేదు. తల కొట్టేసినట్టయింది.

"పైదంతా ఆయనే..." అని ఆగిపోయింది.

షాపాయన చూపు తిప్పుకున్నాడు. "సాయంత్రంలోగా పూర్తి చెయ్యమ్మా. సగం అద్దంతో షాపు నడపలేను కదా," అన్నాడు మెల్లగా.

అద్దాలమ్మ స్టూలు కోసం ఇంటికి పరుగెత్తింది. ఆడపడుచు అచ్చం అన్న పోలికే, అంత పొడుగూ. చిన్నప్పటినుంచీ జనం ఎగతాళి చేసి చేసి, మెడ వంచుకుని నడవడం అలవాటైపోయిన మనిషి. సంగతంతా విని స్టూలు లాక్కుని పక్కన పెట్టింది.

"నువ్వు దీన్నెక్కి నడుం విరగ్గొట్టుకుంటే చాకిరీ నాకే వదినా. పద."

షాపు ముందు నిలబడి ఆడపడుచు చెయ్యి చాపింది. మునివేళ్ళ మీద లేవనక్కర్లేకుండానే పై అంచు అందింది. తడిగుడ్డ తగలగానే నల్లటి నీళ్ళు తళతళలాడే కింది సగం మీదికి జారాయి.

"నా అద్దం మీద పొయ్యకయ్యా, నీకు పుణ్యముంటుంది," అనేసింది అద్దాలమ్మ.

అన్నాక గానీ తెలియలేదు ఎవరితో అన్నదో. ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. పని నుంచి ఇంటికి వెళ్తూ చెల్లెలింట్లో ఆగి ఈ పోట్లాట అన్న నవ్వుతూ చెప్తుంటే ఆడపడుచు ఎన్నిసార్లు విన్నదో. వెనక్కి తిరక్కుండా, మెడ నిటారుగా పెట్టి అన్నది:

"నీళ్ళు పైకి పారడం నేర్చుకున్నాక చెప్తాలేవే."

లోపలున్న షాపాయన ఇది విన్నాడు. తలుపు తీసి, "రేపట్నించి ఇద్దరూ రండమ్మా," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

అద్దాలమ్మకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. కింది సగం మళ్ళీ మొదట్నించీ తుడవాలి.