అచ్చమ్మ కేక, ఆండ్రోమెడా దూరం

బందరులో ఫిజిక్స్ పాఠాలు చెప్పే కాంతారావు మాస్టారికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఉద్యోగం పోతుందన్న బెంగ లేదు. మినుకు నక్షత్రాల పాఠం ఒక్కరి బుర్రకైనా ఎక్కకుండానే వెళ్లిపోతానేమోనన్నదే ఆయన దిగులు. కొన్ని నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తరుగుతుంటుంది. ఎంత నిదానంగా మినుకుతుందో అసలు వెలుగు అంత పెద్దది. అంత వెలుగూ మనకు మసకగా కనిపించిందంటే అది అంత దూరాన ఉన్నట్టు. పక్క గెలాక్సీల దూరాలు అలాగే కొలిచారు. ఇంత చక్కని సంగతికి ఏటా క్లాసంతా కునికిపాట్లే.

ఒక ఆదివారం దూరంగా చేపలమ్మే కేక సన్నగా వినిపించింది. చింతపండు నానెయ్యడానికి ఇంకా టైముందని ఆయన భార్య సత్యవతి అంది. నీకెలా తెలుసని అడిగారు మాస్టారు.

"గబగబా అరిచేవాళ్లవి పీలగొంతులండీ. ఇంత సాగదీసేది అచ్చమ్మే. ఆవిడ మన గుమ్మంలో అరిస్తే గిన్నెలు మోగుతాయి. ఇంత సన్నగా వినపడుతోందంటే ఇంకా కాలవ వంతెన దగ్గరే ఉన్నట్టు."

మాస్టారి చేతిలో పేపరు జారిపోయింది. మర్నాడు క్లాసులో అచ్చమ్మ గొంతుతో పాఠం చెప్తే ఒక్కరూ కునకలేదు. ఆనందం పట్టలేక, వచ్చే ఆదివారం ఇంటికొస్తే ప్రయోగం చేసి చూపిస్తానని, పైగా చేపల పులుసుతో భోజనమని అందరినీ పిలిచేశారు. సత్యవతి నెత్తి కొట్టుకుంది.

ఆదివారం పిల్లలంతా హాల్లో చెవులు రిక్కించి కూర్చున్నారు. సాగదీసిన కేక సన్నగా వినిపించింది. వంతెన దగ్గరుందని తేల్చేసి, ముందు తీరిగ్గా కాఫీలు తాగమన్నారు మాస్టారు. కాఫీలయ్యాక సత్యవతి గిన్నె పట్టుకుని బయటికెళ్తే, అచ్చమ్మ కోడలు నాగమల్లేశ్వరి ఖాళీ గంపతో సందు మలుపు తిరుగుతోంది. అచ్చమ్మకి మోకాళ్ల నొప్పులట. కోడలు అత్త దగ్గర సాగదీయడం నేర్చుకుంది గానీ గొంతు మాత్రం పీల. ఆ కేక వేసింది ఎదురింటి గేటు దగ్గర. చేపలన్నీ ఆ ఎదురింటివాళ్లే కొనేశారు.

మాస్టారి ముఖం మాడిపోయింది. పిల్లలు నవ్వాపుకోలేక చస్తున్నారు. తనూజ అనే అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"మాస్టారూ, సాగదీసేవాళ్లలోనే రెండు రకాలున్నారు కదండీ. నక్షత్రాల్లో కూడా అలా ఉంటే మనం కొలిచిన దూరాలన్నీ తప్పేనా?"

సరిగ్గా ఆ పొరపాటే ఒకప్పుడు శాస్త్రవేత్తలూ చేశారు. రెండు రకాల్నీ ఒకటే అనుకున్నారు, కాకపోతే వాళ్లు గట్టిగొంతుని పీలగొంతుగా లెక్కేశారు. తెలుసుకుని సరిదిద్దేసరికి మన పక్క గెలాక్సీ ఆండ్రోమెడా దూరం రెట్టింపైంది. ఆ సంగతి మాస్టారు క్లాసులో ఎన్నడూ చెప్పలేదు, అక్కడిదాకా మెలకువగా ఉన్నవాళ్లుంటేగా. ఆయన కళ్లు చెమర్చాయి.

ఆ మధ్యాహ్నం అందరికీ ముక్కల్లేని పులుసే గతైంది. మాస్టారు మాత్రం అడిగి మరీ ఇంకో గరిటె పోయించుకున్నారు.