రెండు చెంచాల పాఠం

మా బావ చొక్కా జేబులో కలం లేకపోయినా అయస్కాంతం మాత్రం ఉంటుంది. చొక్కా బొత్తం కంటే కాస్త పెద్దది, నల్లగా, అంచు విరిగి ఉంటుంది. పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది పిల్లలకు ఇంజనీరింగ్ పదార్థాల పాఠం చెబుతాడు. ఏది కరెంటును పోనిస్తుంది, ఏది ఆపుతుంది, దేన్ని అయస్కాంతం లాగుతుంది, దేన్ని లాగదు, ఇదే ఆయన లోకం. పిల్లలు అయస్కాంతం మాస్టారు అని పేరు పెట్టారు. కొత్త తలుపు గొళ్ళెం కనిపిస్తే చాలు, మాట మధ్యలో వదిలేసి దానికి అయస్కాంతం ఆనించి చూస్తాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కూర్చోక ముందే కుర్చీ కాలును పరీక్షించాడు. అప్పుడే అక్కను హెచ్చరించాను, వినలేదు.

ఆయన మొదటి పాఠం నాకు కంఠతా వచ్చు. పళ్ళెంలో రాగి తీగ, ఇనుప మేకు, అల్యూమినియం రేకు, గాజు ముక్క, రెండు స్టీలు చెంచాలు పెడతాడు. చెంచాలు రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. ఒకదాన్ని అయస్కాంతం లాక్కుంటుంది, రెండోదాన్ని పట్టించుకోదు. పిల్లలు నోరు వెళ్లబెడతారు. స్టీలు అన్నది ఇంటిపేరు లాంటిదనీ, ఒకే ఇంటిపేరు వాళ్లందరి బుద్ధీ ఒకటి కాదనీ, అందులో ఏమేం కలిపారో, ఎలా కాచి చల్లార్చారో దాన్నిబట్టి గుణం మారుతుందనీ చెబుతాడు. చివర్లో గొంతు పెంచి, "ముక్క చేతికి రాకుండా గుణం చెప్పేవాడికి సున్నా" అంటాడు. అన్నంత పనీ చేస్తాడు. ఆ చెంచాలు రెండూ మా అక్క వంటింట్లోవే. అడక్కుండా పట్టుకుపోయాడని ఇప్పటికీ సాధిస్తుంది.

అక్క బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను. కింద పడ్డ సూదులు ఏరడం బావ పని. అయస్కాంతాన్ని నేల మీద అలా తిప్పితే అన్నీ లేచి అంటుకుంటాయి. కుట్టుపని ముగిశాక ఆయన పక్కన చేరి, ఆ జేబు మీదే తల ఆనించి అలసట తీర్చుకోవడం అక్కకు అలవాటు. తమ్ముడు ఎదురుగా ఉన్నాడన్న సంకోచం కూడా లేదు. నేనే గోడకేసి చూస్తాను.

పెళ్లికి ముందు అక్కకు మెదడులో ఒక రక్తనాళం ఉబ్బితే, ఆపరేషన్ చేసి అక్కడ చిన్న క్లిప్పు బిగించారు. గోరంత కూడా ఉండదట. అదొకటి ఉందన్న సంగతే అందరం మర్చిపోయాం. ఈ మధ్య ఆవిడ వేళ్ల మధ్య సూది నిలవడం మానేసింది. తర్వాత కత్తెర జారడం మొదలైంది. మామూలు స్కాన్ తీస్తే క్లిప్పు చుట్టూ తెల్లటి చారలు పరుచుకుని, చూడాల్సిన చోటే కనిపించలేదు. పక్కన ఏదో పెరుగుతోందని అనుమానంగా ఉందనీ, అదేమిటో తేలాలంటే ఎమ్మారై తీయాల్సిందేననీ, అది తేలకుండా కత్తి పట్టలేమనీ డాక్టరమ్మ చెప్పింది.

ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. ఆ మాట వినగానే బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు కాస్త ఆలస్యంగా తలకెక్కింది. క్లిప్పు లాగే రకమైతే లోపల కదిలి నాళాన్ని చీల్చేస్తుంది. లాగని రకమైతే ఏ భయమూ లేదు. అది ఏ రకమో మా దగ్గరున్న పాత కాగితాల్లో లేదు, చెప్పేవాళ్లూ లేరు. ఆపరేషన్ చేసిన సర్జన్ పోయాడు. ఆ ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు కార్ల షోరూము ఉంది. బావ నన్ను వెంటేసుకుని అక్కడికి కూడా వెళ్లాడు. అద్దాల అవతల మెరిసే కార్లను చూస్తూ నిలబడ్డాడు. ఎవర్ని తిట్టాలో తెలియక నేను కాపలావాడితో గొడవపడ్డాను.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు బావ జేబులోంచి అయస్కాంతం తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"డాక్టరుగారూ, పెళ్లయినప్పటి నుంచీ ఈవిడ తల నా జేబు మీద ఆనుతోంది. ఇది ఆ జేబులోనే ఉంటుంది. ఒక్కనాడు కూడా తలనొప్పి అనలేదు. అంటే ఆ క్లిప్పు లాగని రకమేనండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. జానెడు దూరం జరిపితే అది సూదిని కూడా కదిలించలేదనీ, తమ ఎమ్మారై గదిలోది ఇనుప కుర్చీనే ఎగరేసి లాక్కుంటుందనీ నెమ్మదిగా చెప్పింది. బావకు ఇది ఒకరు చెప్పాలా? పరీక్షలో ఏ పిల్లవాడైనా ఇలా రాస్తే అడ్డంగా కొట్టేసేవాడు. తప్పని తెలిసీ ఆ మనిషి అదే వాదన మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాడు.

అక్కే ఆయన చెయ్యి పట్టుకుంది. "ఊరుకోండి. ముక్క చేతికి రాలేదుగా. ఈ వయసులో సున్నా వేయించుకుంటారా?"

తెలియకుండా ఆ గదిలోకి పంపలేననీ, మాత్రలు వాడుతూ చూద్దామనీ డాక్టరమ్మ అంది. బావ బల్ల మీది అయస్కాంతం తీసి జేబులో వేసుకున్నాడు.

ఇంటికి రాగానే అక్క మిషను ముందు కూర్చుంది. సగం కుట్టిన జాకెట్టుకు హుక్కులు వెయ్యాలంది. సూది తీయబోతే డబ్బా మొత్తం నేల మీద ఒలికింది. బావ మోకాళ్ల మీద కూర్చుని అయస్కాంతం తిప్పాడు. ఒక్కటీ మిగలకుండా సూదులన్నీ వచ్చాయి. ఒకటి తీసి అక్క వేళ్ల మధ్య పెట్టాడు. పడిపోయింది. మళ్లీ ఏరి పెట్టాడు. మళ్లీ పడిపోయింది.

ఇక చాలని అక్క చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. బావ సూదులు దులిపి అయస్కాంతం జేబులో వేసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. అక్క ఎప్పటిలాగే తల వాల్చబోయింది. బావ ఉలిక్కిపడి ఆవిడ తలకు చెయ్యి అడ్డం పెట్టి, గబగబా జేబులోంచి అయస్కాంతం తీశాడు.

"అది నన్నేం చేస్తుందండీ?" అంది అక్క.

"ఏమీ చెయ్యదు" అన్నాడు బావ.

అంటూనే లేచి, దాన్ని తీసుకెళ్లి వంటింటి అవతల పెరటి గోడ మీద పెట్టి వచ్చాడు.