హోల్డాన్ అంటే ఆగని బస్సు

బస్సు ఆగవలసిన చోట ఆగకపోవడం చిన్న తప్పు కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను. పంజాగుట్ట నుంచి మాసబ్ ట్యాంక్‌లోని కార్యాలయానికి ఉద్యోగకాలమంతా బస్సులోనే వెళ్లి వచ్చినవాడిని. పదవీ విరమణతో ఆ ప్రయాణం ముగిసింది కాని, బస్సులను గమనించే అలవాటు పోలేదు. అమీర్‌పేట స్టాపులో నిలబడి, ఏ నంబరు బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, స్టాపు దగ్గరే ఆగిందా, లేక ముప్పై అడుగులు ముందుకు పోయి ఆగి వృద్ధులను పరుగెత్తించిందా అన్న వివరాలు రూళ్ల నోటుపుస్తకంలో రాసుకుంటాను. నెలకొకసారి వాటికి శుభ్రమైన ప్రతి తీసి, సంబంధిత అధికారికి పంపుతాను. జవాబు రాదు. నెత్తి మీద మెట్రో పరుగెత్తుతుంటే ఇంకా ఈ బస్సుల గొడవ ఏమిటని మా అపార్ట్‌మెంట్‌లో నవ్వుతారు. మెట్రో వెళ్లని చోట్ల కూడా మనుషులు నివసిస్తారని వారికి చెప్పి చెప్పి విసిగిపోయాను.

అటువంటి నేను విలాసపు ఓడ ఎక్కానంటే ఎవరూ నమ్మరు. మా పేటలో ఉదయపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులు కొందరు జట్టుకట్టి, సోమాజిగూడలో ఒక ట్రావెల్స్ వారి ద్వారా కరీబియన్ సముద్రయానానికి సిద్ధమయ్యారు. నేను మొదట ససేమిరా అన్నాను. కాని ఓడ ఆగే రేవుల పట్టికలో బార్బడోస్ పేరు కనిపించింది. మాటకన్నా గరగర ఎక్కువ వినిపించే ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ వ్యాఖ్యానం వింటూ పెరిగినవాడికి ఆ దీవి, దాని రాజధాని బ్రిడ్జ్‌టౌన్ మేనమామ గారి ఊరంత దగ్గర. సంతకం చేశాను.

ఆ రేవు చేరే ముందురోజు సాయంత్రం మా గది తలుపు కింద నుంచి ఒక అచ్చుకాగితం లోపలికి తోశారు. ఓడవారు తమ ఏసీ బస్సుల్లో ఏర్పాటు చేసిన విహారాల వివరాలవి. చివరన ఒక వాక్యం ఉంది: పెద్ద వయసు ప్రయాణికులకు స్థానిక బస్సులను మేము సిఫారసు చేయము. ఆ వాక్యం కింద రెండుసార్లు గీత గీశాను. ఎవరీ సిఫారసు చేసేవారు? నలభై ఏళ్లు ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడికి బస్సు ఎక్కవద్దని చెప్పడానికి వీరెవరు? దాని కింద మరో సంగతి కూడా రాసి ఉంది. ఓడవారి విహారానికి వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. సాయంత్రం నాలుగున్నరకు రేవు ద్వారం మూసివేస్తారు.

కాగితం చదివి మా ఆవిడ కళ్లజోడు తీసింది. "ఆ ఒక్క ముక్క రాయకపోతే మీరు రేపు హాయిగా డెక్ మీద కునుకు తీసేవారు. ఇప్పుడిక బస్సెక్కక మానరు. సరే, పదండి, నేనూ వస్తాను. ఆ ఏసీ బస్సులో అద్దంలోంచి చూడటానికైతే ఇంట్లో టీవీ ఉందిగా."

మాతో మూడోమనిషి కూడా చేరారు. మా అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తులో ఉండే మిత్రుడు. సనత్‌నగర్‌లోని ఒక కర్మాగారంలో లేత్ మిషన్ మీద పనిచేసి విరమించినవారు. ఆయన భార్య మోకాళ్ల నొప్పితో ఓడలోనే ఉండిపోయారు. బయలుదేరేటప్పుడు ఆమె గది గుమ్మంలో నిలబడి భర్తకు గట్టిగా చెప్పారు.

"నాలుగున్నరకు నువ్వు ఓడల లేకుంటే నీ సూట్‌కేసు సముద్రంల ఏస్త. ఫికర్ లేకుంట తిరుగుతవ్ నువ్వు, నాకెరుక."

"సార్ ఉన్నడు గదనే! నిమిషం నిమిషం రాసుకుంటడు" అన్నారాయన.

అది నిజమే. తూర్పు తీరానికి వెళ్లే బస్సు ఉదయం ఎప్పుడు, తిరిగి వచ్చేది ఎప్పుడు అన్నది రేవు బయట ఒక పోలీసును అడిగి నోటుపుస్తకంలో గళ్లు గీసి రాశాను. రెండు గంటలకు అక్కడ ఎక్కితే మూడున్నరకు రేవు. గంటసేపు మిగులు. నా లెక్కలో లోపం లేదు.

నీలిరంగు ప్రభుత్వ బస్సు ఆగవలసిన చోటే ఆగింది. స్టాపు స్తంభం మీద, ఇటువైపు ఆగేవి ఊరిలోకి పోతాయని, అటువైపు ఆగేవి ఊరి బయటికి పోతాయని రాసి ఉంది. ఎంత సులువైన పద్ధతి! మన అమీర్‌పేటలో ఇటువంటిది పెట్టమని ఎన్ని ఉత్తరాలు రాశానో. ముందు సీట్లో కూర్చున్నాను. బస్సు ఎక్కిన మొదటి పెద్దాయన నా వైపు చూసి "గుడ్ మార్నింగ్" అన్నాడు. విదేశీయుడినని మర్యాద చేస్తున్నాడనుకుని సగం లేచి "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. తరువాత ఎక్కిన స్త్రీ కూడా అన్నది. లేచి జవాబిచ్చాను. ఆ తరువాత బడిపిల్లలు, ఒక నర్సు, గొడుగు పట్టుకున్న ఇద్దరు. అందరికీ లేచి, కూర్చుని, లేచి జవాబిస్తూనే ఉన్నాను.

వెనక సీటు నుంచి మిత్రుడి గొంతు వినిపించింది. "సార్, ఏమన్నా ఎలక్షన్ల నిలబడ్డరా? జర కూసోండ్రి. వాళ్లు మీకొక్కరికే కాదు, బస్సు మొత్తానికి చెప్తున్నరు."

చూస్తే అదే నిజం. ఎక్కిన ప్రతివారూ బస్సులోని అందరినీ కలిపి పలకరిస్తున్నారు. అందరూ కలిసి జవాబిస్తున్నారు. ఇన్నేళ్ల నా బస్సు జీవితంలో, ఎక్కుతూనే నేను పలికిన మొదటి మాట "జరగండి" మాత్రమే. మధ్యాహ్నం దాకా ఆ విషయమే మనసులో తిరిగింది.

దారి పొడవునా చెరుకు తోటలు. మా కృష్ణా జిల్లా చెరుకుకన్నా పొట్టి. గుట్ట దిగాక ఒక్కసారిగా సముద్రం. తూర్పు తీరంలో అలలు కోపంగా ఉంటాయి. ఇంటి అంత బండలు నీటిలో నిలబడి, కింది భాగం అరిగిపోయి, కుక్కగొడుగుల్లా ఉన్నాయి. ఒక చెక్క బల్ల మీద కూర్చుని మిత్రుడు తెచ్చిన సకినాలు తిన్నాం. మా ఆవిడ చెప్పులు విడిచి నీళ్లలోకి వెళ్లింది. వద్దన్నాను. "ఏంటండీ, నేనేమైనా ఈదుతానన్నానా? పాదాలు తడుపుకుంటానన్నాను" అని ఇంకో అడుగు వేసింది. చీర కుచ్చిళ్లు తడిసిపోయినా రాలేదు. ఆమె అలా ఏ పనీ లేకుండా నిలబడగా చూసి చాలా ఏళ్లయింది. నాకు ఇక దేని మీదా కోపం రాలేదు. గాలి, ఉప్పు, నువ్వుల వాసన. అంతే.

రెండు గంటల బస్సు రాలేదు. రెండున్నరకూ రాలేదు. స్టాపులో కూర్చున్న ఒక ముసలామెను అడిగితే "వస్తుంది" అన్నది. ఎప్పుడని అడిగితే, వచ్చినప్పుడన్నది. రెండు యాభైకి ఒక తెల్ల వ్యాను వచ్చింది. అక్కడ ప్రభుత్వ బస్సులే కాక ఇటువంటి ప్రైవేటు వ్యాన్లు కూడా తిరుగుతాయి. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ మమ్మల్ని ముగ్గురినీ లోపలికి సర్దాడు. ఆ సర్దే నేర్పు చూసి మిత్రుడు "మన సెవెన్ సీటర్ ఆటోవాడు ఈడికొచ్చి డ్యూటీ చేస్తుండు సార్" అన్నారు. నాకు వెనక కిటికీ పక్కన చోటు దొరికింది. నాలుగింటికి రేవులో ఉంటామని కండక్టరు మాట ఇచ్చాడు. గంట మిగులు అరగంట అయింది. అది చాలు.

సగం దారి దాటాక ఒక చౌరస్తా దగ్గర వెనక అద్దంలోంచి చూశాను. చేతిలో కేకు డబ్బాతో ఒక స్త్రీ వ్యాను వెనకే పరుగెత్తుతున్నది. బస్సు వెనక పరుగెత్తే మనిషిని చూస్తే నా రక్తం ఉడుకుతుంది. ఆలోచించలేదు. గొంతెత్తి అరిచాను.

"హోల్డాన్! హోల్డాన్!"

మన కండక్టర్లు బస్సు ఆపడానికి అనే మాట అదే కదా. ఇంగ్లీషు మాటే కనుక ఇంగ్లీషు వచ్చిన వారందరికీ తెలుసునని నా నమ్మకం. వ్యాను ఆగలేదు. కాని లోపల ఉన్న ప్రతివారూ ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నారు. ఒక ముసలాయన టోపీని తల మీద అదిమిపట్టాడు. మా పక్కనున్నామె కళ్లు మూసుకుంది. నేను మళ్లీ "హోల్డాన్!" అన్నాను. వారు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"ఏం చూశావు డాడీ? ముందు ఏముంది?" అని కండక్టరు కంగారుగా అడిగాడు.

 మిత్రుడు లేత్ మిషన్ మీద ముదిరిన అరచేతితో వ్యాను రేకు మీద దబదబ బాదారు. వ్యాను ఆగింది. కేకు డబ్బా ఆమె రొప్పుతూ ఎక్కి, అందరికీ "గుడ్ ఆఫ్టర్‌నూన్" చెప్పి, నాకు ప్రత్యేకంగా దండం పెట్టినంత పని చేసింది. కర్తవ్యం నిర్వర్తించిన గర్వంతో నేను డ్రైవరుకు అనుమతి ఇచ్చాను.

"రైట్! రైట్!"

వ్యాను కదిలింది. నేను నోటుపుస్తకం తీసి ఆ సంఘటన రాయడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు పూర్తయ్యేసరికి, ఎదురుగా ఉండవలసిన ఎండ ఎడమ చెంప మీద పడుతున్నట్టు గమనించాను. రెండు వైపులా చెరుకు. సన్నని దారి. ఇది రేవుకు దారేనా అని కండక్టరును అడిగాను.

"నువ్వే కదా రైట్ అన్నావు డాడీ! ఒకసారి కాదు, రెండుసార్లు."

డ్రైవరు వెనక్కి తిరిగి అన్నాడు: "ఈ దారిలో మీ వాళ్లెవరో ఉన్నారేమో, పెద్దవాళ్లు నడవలేరు, దింపేసి పోదామనుకున్నా."

 అక్కడి వ్యాన్లు అడిగితే దారి తప్పించి మరీ గుమ్మంలో దించుతాయట. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. అంతలో ఎదురుగా చెరుకు నింపుకున్న ట్రాక్టరు వచ్చింది. దానికి దారి ఇవ్వడానికి మేమే వెనక్కి పోవలసి వచ్చింది. మళ్లీ చౌరస్తా చేరేసరికి మూడు యాభై అయిదు. అక్కడి నుంచి సాయంత్రపు రద్దీలో అన్ని చోట్లా ఆగుతూ పోతే రేవుకు నలభై నిమిషాల పైనే.

మిత్రుడి హాస్యం ఆగిపోయింది. గొంతు తగ్గించి అన్నారు. "సార్, మా ఆమెకు గా ఓడల రూమ్ నంబర్ సుత యాదుండదు. నేనే తోలుకపోత రోజు. ఇంగ్లీష్ రాదు. ఒక్కతే ఏం చేస్తది?"

మా ఆవిడ నా వైపు చూసి, నా చేతిలోని నోటుపుస్తకం తీసుకుని మూసేసింది.  

నేను లేచాను. ఆ కప్పు కింద నిటారుగా నిలబడటం సాధ్యం కాదు. మెడ వంచుకునే అందరికీ చెప్పాను. ఈ ఆలస్యం నా వల్లనే జరిగింది. మా దేశంలో బస్సు పొమ్మనడానికి రైట్ అంటాం, ఆపడానికి హోల్డాన్ అంటాం, గట్టిగా పట్టుకోమని కాదు. నన్ను క్షమించండి. నా మిత్రుడి భార్య ఓడలో ఒంటరిగా ఉంది. నాలుగున్నరకు ద్వారం మూస్తారు.

 టోపీ ముసలాయన అడిగాడు.

"మీ దేశంలో రైట్ అంటే తిన్నగా పోవాలా?"

"అవును."

"మరి కుడికి తిరగాలంటే ఏమంటారు?"

 వ్యాను మొత్తం నవ్వింది. కాని కేకు డబ్బా ఆమె నవ్వు ముగించకుండానే డ్రైవరుతో అన్నది. "ఇక ఎక్కడా ఆపకు. నేరుగా వాళ్లను ఓడ దగ్గరికి తీసుకుపో."

కండక్టరు మనుషుల మీదుగా చూపు పోనిచ్చాడు. "దారిలో దిగేవాళ్లున్నారా?"

ఎవరూ చేయి ఎత్తలేదు. వ్యాను ఊపందుకుంది. ఒక నీలం గేటు ఇంటి ముందు నుంచి పోతుండగా టోపీ ముసలాయన తల తిప్పి ఆ ఇంటినే చూశాడు. అది వెనకబడే దాకా చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. మా పక్కనున్నామె కూడా మార్కెట్టు వీధి దాటుతుండగా తన సంచిని ఒళ్లోకి లాక్కుంది. వారు దిగవలసిన చోట్లు ఒక్కొక్కటే దాటిపోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పకుండా దారి మళ్లిన బస్సుల మీద నేను ఎంత కటువుగా ఉత్తరాలు రాశానో కూడా గుర్తుకు వచ్చింది. ఆ ఉత్తరాలు తప్పని ఇప్పటికీ అనను. ఆ బస్సుల్లో ఎవరున్నారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

నాలుగూ ఇరవై నాలుగుకు రేవు ద్వారం దగ్గర వ్యాను ఆగింది. కాపలాదారు గొలుసు చేతిలోకి తీసుకుని ఉన్నాడు. ఓడ పైఅంతస్తు కటకటాల దగ్గర, మాకు బాగా తెలిసిన కుంకుమరంగు చీర కనిపించింది. మిత్రుడి భార్య. చేతిలో ఏదో పట్టుకుని ఊపుతున్నారు. సూట్‌కేసు కాదు, తువ్వాలు. మిత్రుడు అంత దూరం నుంచే "వచ్చిన, వచ్చిన" అని అరిచారు. ఆమెకు వినిపించి ఉండదు.

వ్యానువారికి కృతజ్ఞత చెప్పి, వారు కదిలిన తరువాత లోపలికి వెళదామని మేము ఆగాము. అది మన మర్యాద. వ్యాను కదల్లేదు. మేము క్షేమంగా లోపలికి వెళ్లేదాకా చూసి పోదామని వారు ఆగారు. అది వారి మర్యాద కాబోలు. కిటికీల నిండా తలలు. మా ఆవిడ చేయి ఊపింది, వారూ ఊపారు. ఆమె మళ్లీ ఊపింది. ఎవరూ కదలడం లేదు. కాపలాదారు గడియారం చూసుకుంటున్నాడు.

"ఇట్ల ఒకలనొకలు చూసుకుంట నిలబడితే ఓడ పోతది!" అని మిత్రుడు మా ఇద్దరి మోచేతులూ పట్టుకున్నారు. "చెల్లె, నడువమ్మా! సార్, మీరు సుత! వాళ్లు ఇంటికి పోవాల్నా, వద్దా?"

మేము గొలుసు దాటి లోపలికి నడిచాము. అప్పుడే వెనక వ్యాను కదిలిన చప్పుడు వినిపించింది.