శవం మావయ్య మాట్లాడిన నాలుగు నిమిషాలు

ఆ వీధిలో అతన్ని అందరూ కత్తెర అనే పిలుస్తారు. చేతిలో కత్తెర ఏనాడూ లేదు. సినిమా ఎడిటింగ్ గదిలో రెండో కుర్చీ అతనిది. మొదటి కుర్చీలో కూర్చున్న ఎడిటర్‌గారు తీయమన్నది తీస్తాడు, అతకమన్నది అతుకుతాడు. ఇంట్లోనూ అదే బుద్ధి. భార్య కుళాయి దగ్గర గొడవ మొదటినుంచి చెప్పబోతే అసలు సంగతికి రమ్మంటాడు. నీ ముందు ఊపిరి కూడా లెక్కేసుకుని పీల్చాలంటుంది ఆవిడ.

అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మేనమామ. ఆయన్ని శవం మావయ్య అంటారు. అది తిట్టు కాదు, బిరుదు. ముప్పై ఏళ్లుగా సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేస్తూ పంతొమ్మిదిసార్లు శవంగా పడుకున్నాడు. ముక్కు మీద ఈగ వాలినా చలించడని పేరు. మిగతావన్నీ గుంపులో మూడో వరుస. నోరు తెరిచి ఒక్క మాట అనే వేషం ఎవరూ ఇవ్వలేదు. "నోరు మూసుకుని పడుకుంటే డబ్బులిస్తారు, ఇంట్లో ఊరికే మూసుకోమంటే మాత్రం మూసుకోరు" అని అత్త దెప్పుతూ ఉండేది.

చదువబ్బక గోళ్లు గిల్లుకుంటున్న మేనల్లుడి కోసం ఈ మావయ్యే ఎడిటర్‌గారి గుమ్మం ముందు ఇరవై రోజులు నిలబడ్డాడు. తన వేషం గురించి ఎవరినీ దేబిరించని మనిషి, అల్లుడి కోసం దేబిరించాడు. ఈ సంగతి కత్తెరకి తెలుసు. అందుకే తర్వాత జరిగింది ముల్లులా దిగబడిపోయింది.

అంత కాలానికి మావయ్యకి మాట దొరికింది. పెద్ద సినిమా, పెద్ద హీరో. బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునే గుమాస్తా వేషం. ఎక్కడికి పోవాలో తెలియని హీరో వానలో తడుస్తూ వచ్చి, ముందు బయల్దేరే బస్సేదని అడుగుతాడు. గుమాస్తా అతన్ని చివాట్లు పెడతాడు, నవ్విస్తాడు, చివరికి తన గొడుగు కిటికీలోంచి అందిస్తాడు. మొత్తం నాలుగు నిమిషాలు. దానికోసం రెండు నెలలు వంటింటి కిటికీ వెనక కూర్చుని సాధన చేశాడు. పాలు పోయడానికొచ్చిన మనిషిని కూడా ఏ ఊరికని అడిగేవాడట. షూటింగ్ రోజున లైట్లు పట్టుకున్నవాళ్లు సైతం నవ్వు ఆపుకోలేకపోయారు.

కోతకొచ్చేసరికి సినిమా రెండు గంటల యాభై నిమిషాలు తేలింది. బయటి దేశాల్లో ఆడించే పంపిణీదారుడు ఫోన్ చేసి, ఇంత పొడుగైతే అక్కడి హాళ్లలో రోజుకి నాలుగు ఆటలే పడతాయన్నాడు. పన్నెండు నిమిషాలు తగ్గితే ఐదో ఆట పడుతుంది. పైగా అక్కడ సగం మంది మన భాష రానివాళ్లు. "తెర కింద అక్షరాలు చదువుకునేవాళ్లకి మాటలెందుకండీ? ఫైట్లకి తర్జుమా అక్కర్లేదు" అన్నాడు. పెట్టుబడిలో సగం అక్కణ్ణుంచే రావాలి కాబట్టి నిర్మాత తలూపాడు.

ఎనిమిది నిమిషాలు అక్కడా ఇక్కడా గీరి తీశారు. ఇంకో నాలుగు మిగిలాయి. ఎదురుగా రెండు ముక్కలున్నాయి. ఒకటి హీరో కొండదారిలో ఊరికే మోటారు సైకిల్ తోలే ముక్క, రెండోది బస్టాండు సీను. ఏది తీద్దామని ఎడిటర్‌గారు అడిగాడు. మాటవరసకే అడిగాడు, ఆయన చూపు అప్పటికే మోటారు సైకిల్ మీద ఉంది.

కానీ గదిలో దర్శకుడున్నాడు, నిర్మాత మనుషులున్నారు. కిటికీ వెనక గుమాస్తా కత్తెరకి ఏమవుతాడో అందరికీ తెలుసు. మావయ్య కోసం కక్కుర్తిపడ్డాడంటారేమోనని అతను జంకాడు. ఈ గదిలో చుట్టరికాలు పనికిరావని ఎడిటర్‌గారు మొదటి రోజే చెప్పి ఉన్నాడు. ఎవరూ అడగని నిజాయితీ చూపించబోయాడు.

"బస్టాండు సీను తీసేద్దాం సార్."

ఎడిటర్‌గారు అతని మొహంలోకి ఓసారి చూసి, "సరే, నీ ఇష్టం" అన్నాడు.

బయటికెళ్లే కాపీయే కదా అని కత్తెర సర్దిచెప్పుకున్నాడు. ఇక్కడి కాపీలో మావయ్య చెక్కుచెదరకుండా ఉన్నాడు. ఆ ధైర్యంతోనే ఆ రోజు అన్నం తిన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ సినిమా తిరగేసి గెలిచింది. ఇక్కడ మొదటి వారం సాగతీత అని పెదవి విరిచారు. సముద్రాల అవతల మాత్రం ఐదో ఆట కూడా నిండిపోయింది. అక్కడివాళ్ల పొగడ్తలు ఫోన్లలో చుట్టూ తిరిగి ఇక్కడికొచ్చేసరికి, పెదవి విరిచినవాళ్లే మళ్లీ టికెట్ల కోసం వరస కట్టారు. నిర్మాత వెంటనే హుకుం జారీచేశాడు. అక్కడ ఆడిన పొట్టి కాపీనే, రెండో శుక్రవారం నుంచి ఇక్కడా వేయాలి.

మావయ్య ఇంకా సినిమా చూడలేదు. పెంచిన టికెట్ల ధర మొదటి వారం తర్వాత తగ్గుతుందని, వీధిలో ముప్పై రెండు మందిని పోగేసి రెండో ఆదివారం మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్లాలని పెట్టుకున్నాడు. కొత్త కాపీ సంగతి కత్తెరకి గురువారం తెలిసింది. శుక్రవారం చెబుదామని వెళితే మావయ్య చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. శనివారం వెళితే అత్త, జన్మలో మొదటిసారి, మొగుణ్ణి పదిమందిలో మెచ్చుకుంటోంది. ఆ మాటలు పూర్తిగా విని నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని వచ్చేశాడు. ఆ ఒక్కరోజూ ఎవరినీ అసలు సంగతికి రమ్మనలేదు.

ఆదివారం హాల్లో మావయ్య పక్క సీటే అతనికి దొరికింది. తెర మీద వాన మొదలైంది. హీరో బస్టాండులోకి పరిగెత్తుకొచ్చాడు. మావయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. మరుక్షణం హీరో బస్సులో కూర్చుని ఉన్నాడు, ఒళ్లో గొడుగు ఉంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆ గొడుగెక్కడిదని అత్త గుసగుసగా అడిగింది.

"అది నేనిచ్చిందే" అన్నాడు మావయ్య.

వెనక వరుసలోంచి వీధి చివర దర్జీ, ఈసారి శవం కూడా లేదేమిటని వేళాకోళమాడాడు. నలుగురు నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు. సినిమా అయ్యేదాకా కదల్లేదు. కదలకుండా ఉండటం ఆయనకి వచ్చిన విద్యే. బయటికొచ్చాక అందరికీ తనే సర్దిచెప్పాడు, పెద్ద సినిమాల్లో ఇలాంటివి మామూలేనని.

ఇంటిదారిలో జనం కాస్త ముందుకెళ్లాక కత్తెర ఆగిపోయాడు.

"మావయ్యా, ఆ సీను తీసింది నేనే."

మావయ్య కూడా ఆగాడు. "పారేశారా, ఉందా?"

"ఉంది."

"ఒక్కసారి చూపిస్తావా?"

మర్నాడు పొద్దున్న ఎడిటర్‌గారు రాకముందే మావయ్యని గదికి తీసుకెళ్లాడు. ఇస్త్రీ చొక్కానే వేసుకొచ్చాడు ఆయన. తీసేసిన ముక్కల్లోంచి బస్టాండు సీను వెతికి పెట్టాడు. మావయ్య తన మొహాన్ని తనే, పరాయి మనిషిని చూసినట్టు, చేతులు కట్టుకుని చూశాడు. గొడుగు అందించే చోట పెదవులు కదిలాయి.

"ఆ గొడుగు ఇచ్చేటప్పుడు నా గొంతు వణికినట్టుంది అల్లుడూ. నువ్వు తీసింది సబబే. అంతేనా?"

గొంతు వణకలేదు. ఆయన ఎక్కడ ఊపిరి పీల్చాడో, ఎక్కడ కళ్లు వాల్చాడో కత్తెరకి కంఠతా వచ్చు. వణకలేదని చెప్పడానికే నోరు తెరిచాడు. చెబితే, మరెందుకు తీశావురా అని అడుగుతాడు. మావయ్య అతని మొహంకేసే చూస్తున్నాడు, విచారణ కిటికీ అవతల జవాబు కోసం నిలబడ్డ మనిషిలా.

"అవును మావయ్యా" అన్నాడు కత్తెర. "కొంచెం వణికింది."

మావయ్య తల పంకించి, అతని భుజం తట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.