మూడు జేబుల గుడ్డ

ఆ కుట్టు కర్మాగారంలో ఆమెను అందరూ కాలరక్క అంటారు. చొక్కాలకు కాలర్లు అతకడం ఆమె పని. కార్మిక సంఘం తరఫున ఫిర్యాదులు సేకరించడానికి వెళ్ళిన నాకు ఆమె ముందుగా చెప్పింది తన అత్తగారి సంగతి.

అత్తగారు మంచం పట్టిన రోజుల్లో కాలరక్క పని నుంచి రాగానే ఆవిడ పక్కన కూర్చుని ఏదో ఒక కథ అల్లి చెప్పేది. ఒకనాడు పెద్దావిడ మొహం తిప్పేసుకుంది.

"నీ కథల్లో ఎప్పుడూ కోడలే గెలుస్తుందేమే?"

"నేనేం చెయ్యను అత్తయ్యా, అలా వచ్చేస్తుంది మరి."

"రావడం లేదు. నువ్వే తెస్తున్నావు."

తన తగాదాకు తానే తీర్పరి కారాదన్నది న్యాయశాస్త్రంలో తొలి పాఠం. అత్తగారి అభ్యంతరం సరిగ్గా అదే. కాలరక్క దాన్ని అంగీకరించింది. అచ్చు చెడి పారేసిన సైజు లేబుళ్ళు తెచ్చి, ఒక్కోదాని వెనక ఒక్కో మాట రాసింది. మరకపడిన గుడ్డ మీద మూడు జేబులు కుట్టింది. మొదటి జేబులో మనుషులు, రెండో దానిలో చోట్లు, మూడో దానిలో వస్తువులు. కళ్ళు మూసుకుని మూడింటిలోంచీ ఒక్కోటి తీయాలి. వచ్చినది మార్చుకోకూడదు. ఆ తరవాత కథల్లో మంగలి ఆసుపత్రిలో నిచ్చెన ఎక్కాడు, టీచరమ్మ చేపల బజారులో కిరీటం పెట్టుకుంది. కోడలి విజయాలు తగ్గాయి. అత్తగారికి నిద్ర పట్టింది.

ఆవిడ పోయాక గుడ్డ కర్మాగారం భోజనాల గది గోడకెక్కింది. తిన్నాక ఒకరు చెయ్యి పెట్టి మూడు మాటలు తీస్తారు. మర్నాడు, కత్తిరింపుల దగ్గర మిగిలిన కాగితం మీద కథ రాసుకొచ్చి చదువుతారు.

ఒకరోజు బొత్తాలు కుట్టే ఆమె వంతు వచ్చింది. వరసకు కాలరక్కకు మరదలు. చేతికొచ్చినవి: సూపర్‌వైజర్, మరుగుదొడ్డి, తాళంచెవి.

"వదినా, ఇది రాస్తే నన్ను గేటు బయట నిలబెడతారు. మార్చుకోనీ."

"కుదరదు. నువ్వేమైనా ఎంచుకున్నావా? చెయ్యి పెట్టావు, వచ్చింది."

"నా చేతికి బుద్ధుండొద్దూ!"

ఆమె భయం ఊహ కాదు. మరుగుదొడ్డి తాళంచెవి సూపర్‌వైజర్ బల్ల సొరుగులో ఉండేది. వెళ్ళి అడగాలి, కారణం చెప్పాలి, ఆయన గడియారం చూసేదాకా నిలబడాలి. దేహానికి తప్పనిసరైన పనికి ఒక మనిషి మరో మనిషి దయను అభ్యర్థించే ఏర్పాటును క్రమశిక్షణ అనరు, అవమానం అంటారు. ఫిర్యాదులో నేను ఆ మాటే రాశాను, మెత్తపరచలేదు.

అయినా ఆమె కథ రాసింది. అందులో సూపర్‌వైజర్ మరుగుదొడ్డిలో చిక్కుకుంటాడు. తాళంచెవి చేతిలో ఉన్న ఒక కార్మికురాలు బయటి నుంచి, "ఈ చొక్కాల కట్ట పూర్తి కానివ్వండి సార్, తీస్తా" అంటుంది. గది నవ్వుతో అదిరింది. ఆ నవ్వు మేనేజర్ చెవిన పడింది. ఆయన వచ్చి కాగితం తీసుకుని చదివాడు.

"ఇది ఎవరు రాయించారమ్మా? ఆ యూనియన్ వాళ్ళా?"

"ఎవరూ కాదు సార్. జేబులోంచి వచ్చింది," అంది కాలరక్క.

"జేబు చెప్పిందని ఎవరి మీద పడితే వాళ్ళ మీద రాస్తారా? ఆ గుడ్డ పీకి పారేయిస్తాను."

పొద్దంతా కాలర్లదే. ఆ కథల కాసేపే కాలరక్కది.

"పీకొద్దు సార్. మాటలు మీరే ఇవ్వండి. మీకు నచ్చినవే వేసుకోండి."

మేనేజర్ గుడ్డ మీది జేబులు ఖాళీ చేయించి తన మాటలు నింపాడు: యజమాని, మేనేజర్, శ్రమజీవి, పూలతోట, కొండ, కార్యాలయం, బహుమతి, దీపం, గడియారం. ప్రతి మాటనూ విడివిడిగా పరీక్షించాడు. కలిస్తే ఏమవుతాయో మాత్రం చూడలేదు.

ఈసారి బొత్తాలామె చేతికి మేనేజర్, పూలతోట, గడియారం వచ్చాయి. మర్నాడు మేనేజరే వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆమె కాగితం తీసి చదివింది.

"మేనేజర్ గడియారం పట్టుకుని పూలతోటలో నిలబడ్డాడు. మధ్యాహ్నానికల్లా అన్నీ విచ్చుకోవాలన్నాడు. ఒక చిన్న మొగ్గ, ‘సార్, ఒక్కసారి వెళ్ళొస్తా’ అంది. ఎక్కడికని అడిగాడు. అంతమంది పూల ముందు చెప్పడానికి మొగ్గకు సిగ్గేసింది."

అక్కడితో ఆపింది.

"పూలతోట... నేనిచ్చిన మాటే కదా," అన్నాడు మేనేజర్.

"గడియారమూ మీదే సార్," అంది కాలరక్క.

"మేనేజరూ మీరే!" అని వెనక బల్ల నుంచి ఎవరో అనగానే గది గొల్లుమంది. మేనేజర్ మెడ దాకా ఎర్రబడి, గుమ్మంలో ఉన్న సూపర్‌వైజర్ వైపు తిరిగాడు.

"ఆ తాళంచెవి తెచ్చి తలుపు పక్కనే మేకుకు తగిలించవయ్యా. ఇలాంటివి కూడా నేనే చెప్పాలా?"

నా దస్త్రంలో దీన్ని దయగా నమోదు చేయలేదు. ఆలస్యంగా అందిన హక్కు అని రాసి, ఆలస్యానికి సంజాయిషీ కూడా కోరాను.

కాలరక్కకు మాత్రం ఇంకో సంగతి తేలాలి. "గుడ్డ ఏం చెయ్యమంటారు సార్?"

"ఉండనీ," అన్నాడాయన లేస్తూ. "నా మాటలు మాత్రం తీసెయ్యండమ్మా."

ఆమె ఒప్పుకుని ‘మేనేజర్’ అని రాసిన లేబుల్ ఒక్కటే తీసేసింది. పూలతోట, కొండ, దీపం మంచి మాటలని తక్కినవన్నీ ఉంచేసింది. పాత లేబుళ్ళు మళ్ళీ నింపింది. అప్పటికే ఇస్త్రీ బల్ల దగ్గరి పెద్దమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది: పోస్ట్‌మాన్, కొండ, తిరగలి.

"కొండ మీదికి తిరగలి ఎవడు తెప్పించుకుంటాడే?" అని ఆమె తల పట్టుకుంది.

"అది మీరే చెప్పాలి పెద్దమ్మా," అంటూ కాలరక్క భోజనం డబ్బా విప్పింది.