పక్కింట్లో ఎవరికి బాగోలేదు?

నా చిన్నప్పుడు మా ఊళ్ళో జబ్బు ఉండేది కానీ జబ్బుపడినవాళ్ళు ఉండేవారు కాదు. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, జీడితోటల మధ్య మా ఊరు. ఎవరైనా గుమ్మం ముందు నిలబడి బాగున్నారా అంటే బాగున్నామనాలి. అది మర్యాద. మా నాన్నమ్మ ఇంకో మెట్టు పైకెక్కి, పొద్దున్నే గుమ్మంలో జబ్బు పేరెత్తితే తననే పిలిచారనుకుని అది లోపలికొచ్చి కూర్చుంటుందనేది. లోపల కోడలు జ్వరంతో మూలుగుతున్నా, వీధిలోకి వచ్చే జవాబు మాత్రం ఒక్కటే.

దానికి తోడు పెళ్ళిళ్ళ గొడవ. మా ఉద్దానం ఊళ్ళలో మనిషికి నడివయసు రాకుండానే కాళ్ళు వాచి, అన్నం సయించక, నడుము పట్టుకుని మంచాన పడే జబ్బొకటి ఉండేది. కిడ్నీలు పాడవడమని ఇప్పుడు చిన్నపిల్లలు కూడా చెప్తారు గానీ, అప్పట్లో దానికి మా దగ్గర పేరే లేదు. పేరు లేకపోయినా భయం ఉండేది. ఆ జబ్బున్న ఇంటి పిల్లను చేసుకోవడానికి టెక్కలి వైపు వాళ్ళు, నౌపడ వైపు వాళ్ళు జంకేవారు. అందుకని పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళు మరీ ఆరోగ్యంగా ఉండేవి.

నాకు పదేళ్ళప్పుడు సర్కారు మా ఊరికి ఒక నర్సమ్మను పంపింది. గోదావరి వైపు మనిషి. ఉద్యోగం తాత్కాలికం. మా ఇంటి వీధిగదే ఆవిడకు ఇల్లు, ఊరికి ఆసుపత్రి. ఒక బల్ల, తాళం వేసిన మందుల పెట్టె, మేకుకు తగిలించిన గొడుగు, అంతే సామాను. మా ఇంట్లో ఆడపిల్ల ముందు కూర్చుని చదివించే తీరిక ఎవరికుంది? ఆవిడ మందుసీసాల మీది అక్షరాలు నాచేత చదివించేది. తప్పు చదివితే నవ్వేది కాదు. అందుకే ఆవిడంటే నాకు ప్రాణం.

ఆ వేసవిలో ఒక రోజు ఆవిడ టెక్కలిలో మీటింగుకు వెళ్ళి దిగులు ముఖంతో తిరిగొచ్చింది. పల్లెటూళ్ళ ఆరోగ్యానికి సర్కారు కొత్తగా డబ్బు ఇస్తోందట. జబ్బులు ఎక్కువున్న ఊళ్ళలో నర్సు ఉద్యోగం ఖాయం చేస్తారట, తోడుగా ఆ ఊరి మనిషినే ఒకరిని జీతం మీద పెట్టుకుంటారట, రక్తం పరీక్ష చేసే సామాను ఇస్తారట. జబ్బుల్లేని ఊళ్ళ నుంచి మాత్రం నర్సును ఎత్తేసి, అవసరమున్న చోటికి పంపేస్తారట. ఇంటింటికీ తిరిగి ఆవిడ రాసిచ్చే కాగితం చూసి పెద్ద డాక్టరుగారు ఆ సంగతి తేలుస్తారట.

నాకంతా అయోమయంగా ఉంది. జబ్బు ఉంటే నర్సమ్మ ఉంటుంది, జబ్బు లేకపోతే నర్సమ్మ ఉండదు. "అయితే నాన్నమ్మా, మనకి జబ్బు ఉండాలా, ఉండకూడదా?" అని అడిగాను.

"ఏటే గుంటా ఆ పాడు మాటలు? నోరు ముయ్యి" అని నాన్నమ్మ నెత్తిన ఒకటిచ్చింది. నాకు దెబ్బ దొరికింది గానీ జవాబు దొరకలేదు.

బడి సెలవులు కావడంతో మర్నాడు నేనూ నర్సమ్మ వెంట ఊరంతా తిరిగాను. ఊరు భేషుగ్గా ఉంది. మంచాన పడి మూడు నెలలైన పెద్దాయన ఒకడు దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఎండ ఎక్కువై పడుకున్నానన్నాడు. మా పక్కింటి మావ గోడకు చేరబడి రొప్పుతూనే బాగున్నామన్నాడు. ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ళిచ్చారు, రెండిళ్ళలో పనసతొనలు పెట్టారు, జబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి మా ఇంటికొచ్చాం. నాన్నమ్మ వాచిన కాళ్ళను చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుని, "మాకేటమ్మా, గుండ్రాళ్ళలాగున్నాం" అంది.

"మామ్మగారూ, నిన్న సాయంత్రం మీ కాళ్ళకు కాపడం పెట్టింది నేనే కదండీ!"

"అది నిన్న గదా" అంది నాన్నమ్మ, ఏ మాత్రం తొణక్కుండా.

నర్సమ్మ గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పరిచింది. ఇళ్ళ నంబర్లు ఉన్నాయి, వాటి ఎదురుగా ఏమీ లేదు. ఇంత ఆరోగ్యమైన ఊరు దేశంలోనే ఉండదని, తనను రేపో మాపో పంపేస్తారని అంటూ ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. కళ్ళ ముందు మంచాలున్నాయి, మంచాల్లో మనుషులున్నారు, కాగితంలో మాత్రం ఎవరూ లేరు. పెద్దవాళ్ళంతా కలిసి అబద్ధమాడుతున్నారని కూడా అనలేను, ఎందుకంటే ఎవరూ అబద్ధమాడుతున్నట్టు కనబడలేదు.

ఇక్కడ మా పక్కింటి అప్ప గురించి చెప్పాలి. మా వైపు అక్కను అప్ప అంటాం. ఇందాకటి మావకు ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్ళు. నాకు జడ వేసేది, గవ్వలాట నేర్పింది. అంతకు నాలుగు రోజుల ముందు జీడిపిక్కలు ఏరుతూ ఇద్దరం చెట్టు కింద కూర్చున్నప్పుడు, అప్ప తన కాలి మడమ పైన బొటనవేలితో నొక్కి చూపించింది. వేలు తీసినా సొట్ట అలాగే ఉండిపోయింది. నేను ఆట అనుకుని నా కాలు కూడా నొక్కుకున్నాను. నాకు పడలేదు.

"ఎవరికీ సెప్పకే. రావివలసోలు నన్ను సూసుకోడానికి వత్తన్నారు. నా మీద ఒట్టే" అని నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. తల మీద పెట్టిన ఒట్టు తప్పితే ఆ తల పోతుందని మా పిల్లల నమ్మకం. పిల్లలదేమిటి, పెద్దలదీ అంతే.

ఆ సాయంత్రం నాన్నమ్మ వంటింట్లో మా అమ్మతో మాట్లాడుతోంది. పక్కింటి మావ ఎన్నాళ్ళుగా కక్కుకుంటున్నాడో, ఏ పూట ఎన్ని ముద్దలు తింటున్నాడో, పాపం అనుకుంటూ వల్లె వేస్తోంది. నర్సమ్మ వీధిగది గుమ్మంలో కదలకుండా నిలబడి అంతా వింది. అలా వింటున్నప్పుడే ఆవిడకు ఉపాయం తట్టిందనుకుంటాను.

మర్నాడు మళ్ళీ అవే ఇళ్ళకు బయల్దేరింది. ఈసారి ఎవరినీ వాళ్ళ సంగతి అడగలేదు. "మీరు బాగున్నారని నిన్ననే చెప్పారు కదండీ, సంతోషం. మరి మీ పక్కింట్లో ఎవరికన్నా బాగోలేదా?" అంది. అంతే. ప్రతివాళ్ళూ అటూ ఇటూ చూసి, తలుపు చేరవేసి, గొంతు తగ్గించి, పాపం అని మొదలుపెట్టారు. నిన్న నోట్లో నీళ్ళు పోసుకున్న మనుషులేనా వీళ్ళు అనిపించింది. ఎవరికి నీరుడు, అదే మూత్రం, ఎలా వస్తోందో, ఎవరు గోడ పట్టుకుని నడుస్తున్నారో, ఎవరి ముఖం పొద్దున్నే ఉబ్బి ఉంటోందో అన్నీ తెలుసు. అందులో ఎకసెక్కం లేదు. తమ బాధ మింగుకుని, పక్కవాళ్ళ బాధను ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్ళూ అడిగిన నాథుడు లేడు.

మా ఇంటి వంతు వచ్చింది. నాన్నమ్మ మావ సంగతంతా చెప్పింది. ఇంకెవరన్నా ఉన్నారా అని నర్సమ్మ అడిగితే లేరంది. ఆవిడ కాగితం మడవబోయింది. నాకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్తాను. అప్ప మీద జాలితో కాదు. ఇంకొక్కటి కలిస్తే నర్సమ్మ ఉండిపోతుందేమోనని ఆశ పుట్టింది.

"అప్పకి కూడా. కాలు నొక్కితే సొట్ట పడిపోతంది" అన్నాను.

నాన్నమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నర్సమ్మ వెంటనే రాయలేదు. నువ్వు చూశావా అని అడిగింది. అప్పే చూపించిందన్నాను. అప్పుడు రాసింది. పేరు రాయలేదు, ఇంటి నంబరు, జబ్బు, అంతే. కానీ మా ఊళ్ళో ఇల్లు చెప్తే మనిషిని చెప్పినట్టే.

ఆ తర్వాత నా అవస్థ పగవాడికి కూడా వద్దు. పొలానికి పరిగెత్తి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అని మూడుసార్లు గట్టిగా అన్నాను. గట్టు తీసుకుందో లేదో తెలియదు. రోజూ లేవగానే గోడ మీంచి తొంగి చూసి, అప్ప వాకిలి ఊడుస్తూ కనబడితే ఊపిరి పీల్చుకునేదాన్ని. అప్ప నన్ను చూసి నవ్వి చెయ్యి ఊపేది. అది ఇంకా నరకం.

పెద్ద డాక్టరుగారు జీపులో వచ్చారు. బడి అరుగు మీద కూర్చుని ఫలానా నంబర్ల ఇళ్ళవాళ్ళు రక్తం ఇవ్వడానికి రమ్మన్నారు. ఊరంతా గొల్లుమంది. మా ఇంటి సంగతి ఎవరు చెప్పారని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ మీదికి లేచారు. లేచినవాళ్ళకు తామేం చెప్పారో గుర్తొచ్చి, తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు. అలా నోళ్ళన్నీ మూతపడ్డాక, నాన్నమ్మే ముందుగా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి చెయ్యి చాపింది. మా ఇంటి సంగతి చెప్పింది అప్పేనని తర్వాత తెలిసింది. మావ కూతురి భుజం పట్టుకుని వచ్చాడు. అప్ప నా ముందు నుంచి వెళ్తూ ఒక్కసారి నా వంక చూసింది. నేను నేల చూపులు చూశాను.

వానలు పడ్డాక ఉత్తర్వులు వచ్చాయి. నర్సమ్మ ఉద్యోగం ఖాయమైంది, పరీక్షల సామాను వచ్చింది. నేను గంతులేశాను. అదే వారంలో రావివలసవాళ్ళు జాతకాలు కుదరలేదని కబురు పంపారు. అంతకు ముందు కుదిరిన జాతకాలే అవి. నా మాట వల్ల చెడిందో, మావ రొప్పు చూసి చెడిందో, నర్సమ్మ ఆ ఇంటికి పదిసార్లు వెళ్ళడం వల్ల చెడిందో ఎవరూ తేల్చలేదు. మరుసటి వేసవికి మావ పోయాడు. ఆయనది చెయ్యి దాటిపోయాక బయటపడింది. అప్పది మాత్రం ముందుగా దొరికింది. విశాఖపట్నం ఆసుపత్రిలో చాలా రోజులుంచి, ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే మనిషి దక్కేది కాదని చెప్పి పంపారట. ఒట్టు తప్పితే పోవాల్సిన తల, ఒట్టు తప్పడం వల్లే నిలబడింది. ఈ లెక్క నాకు ఎన్నిసార్లు చూసుకున్నా సరిపోలేదు.

కొత్తగా ఇచ్చిన సహాయకురాలి ఉద్యోగానికి నర్సమ్మ పట్టుబట్టి అప్పనే పెట్టించింది. అప్ప పెళ్ళి చేసుకోలేదు. మందుల పెట్టె పట్టుకుని ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగింది. ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒంటరిగా తిన్న అన్నం గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

మొన్న, నేనిప్పుడుంటున్న పలాసలో, మా వీధిలో మీటింగు పెట్టారు. ఆరోగ్య కేంద్రాలకు మళ్ళీ డబ్బు వస్తోందట, ఖాళీలు నింపుతారట, ఫోన్లు పట్టుకుని అమ్మాయిలు ఇళ్ళకు వస్తారట. పెద్దదాన్ని కదా అని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. డబ్బుంటే గది కట్టొచ్చు, మిషను తేవొచ్చు, అడగడం తెలిసిన మనిషిని చూసి పెట్టుకోండి అందామని లేచాను. కానీ అలా అడిగినప్పుడు ఎవరికో ఏదో పోతుందని కూడా చెప్పాలి కదా. ఆ రెండో మాట ఎలా చెప్పాలో తెలియక, మైకు పక్కావిడ చేతికిచ్చి కూర్చున్నాను.

పెళ్ళయి హరిశ్చంద్రపురం వెళ్ళిపోయాక, పుట్టింటికి వచ్చిన ఒకసారి ధైర్యం తెచ్చుకుని అప్పను అడిగాను. ఆ రోజు నీ సంగతి చెప్పింది నేనే, నా మీద కోపముందా అని. అప్ప మందుల పెట్టె సర్దుకుంటోంది. తలెత్తలేదు.

"నువ్వేనని నాకు ఆ రోజే తెలుసే. కోపం ఉండదేటి? ఉంది. నువ్వు సెప్పకపోతే కోపడ్డానికి నాను ఉండేదాన్ని కాదు గదా" అంది.

పెట్టె మూసి, నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, పనికి వెళ్ళిపోయింది. ఆ మాటలో క్షమించడం ఉందో లేదో అప్పుడు తేల్చుకోలేకపోయాను, అప్ప పోయిన ఇన్నేళ్ళకు కూడా తేల్చుకోలేదు. ఇప్పటికీ ఎవరైనా తమ జబ్బు నాకు చెప్పి దాచిపెట్టమంటే ఆ ఒట్టే గుర్తొస్తుంది. అయినా వెళ్ళి చెప్పవలసినవాళ్ళకు చెప్పేస్తాను. చెప్పిన వెంటనే తిరిగొచ్చి, వాళ్ళ ఎదురుగా నిలబడి, చెప్పింది నేనేనని చెప్తాను. ఆ రోజు నేను చెయ్యలేకపోయింది అదొక్కటే.